ఫెర్రీ దిగని మనిషి

ఇంటి నుంచి,
మొదటి వాన పడిన రోజు

తమ్ముడికి,

దేవుడు నిన్ను నీళ్ళ మీద చల్లగా చూడాలి.

నీ ఉత్తరం అందింది. భుజం నొప్పి తగ్గిందని రాశావు. అంతకు ముందు ఉత్తరంలో నొప్పి ఉందనే రాయలేదు. సరే.

ఫోన్ చేయమంటావు. ఫోన్లో నువ్వు "బాగున్నానక్కా" అంటావు, నేను "బాగున్నాంరా" అంటాను, ఇద్దరం పెట్టేస్తాం. కాగితం మీద అబద్ధం రాయాలంటే చెయ్యి కాస్త ఆగుతుంది. అందుకే రాస్తున్నాను.

మీ బావ ఇంకా ఫెర్రీ దిగలేదు.

వంతెన తెరిచాక ఫెర్రీ ఆగిపోవడం, ఇంజిన్ చూసే మనిషి కాబట్టి ఆయన్నే కాపలాకు ఉంచడం నీకు తెలుసు. ఆ కాపలా ఉద్యోగం కూడా పోయిన నెల తీసేశారు. ఆఫీసుకు వెళ్ళి తాళంచెవులు బల్ల మీద పెట్టి, దణ్ణం పెట్టి, బయటికొచ్చి, పడవ మాట్లాడుకుని మళ్ళీ ఫెర్రీ ఎక్కాడు. తాళం వేసే తలుపులు దాని మీద ఎన్ని మిగిలాయి గనక.

మధ్యాహ్నం కొట్టులో కుడుతున్న టార్పాలిన్ పక్కన పెట్టి, క్యారేజీ పట్టుకుని పడవలో వెళ్తున్నాను. ఆయన తింటాడు, గిన్నెలు కడిగి ఇస్తాడు. ఇంటికి రమ్మంటే ఫెర్రీ పంఖాను తిప్పే షాఫ్టు సంగతి చెప్తాడు. రోజూ పొద్దున్నే కిందికి దిగి, ఇనప గడ్డపార దూర్చి, ఆ ఇంజిన్‌ను చేత్తో కాస్త తిప్పుతాడు. తిప్పకపోతే షాఫ్టు పట్టేస్తుందట.

"ఎవరి కోసం తిప్పుతున్నారండీ" అన్నాను.

"పట్టేస్తుంది కదే" అన్నాడు.

అంతే. ఇంక మాట లాగలేకపోయాను.

ఫెర్రీని అమ్మేస్తారని రేవులో అనుకుంటున్నారు. అప్పటికీ దిగకపోతే జనం చూస్తుండగా రెక్క పట్టుకుని దించుతారు. ఆ ఒక్కటి నేను చూడలేను. నువ్వు వచ్చి ఇంటికి తీసుకురా. నీ మాట వింటాడు. నన్ను చూస్తే మాత్రం నేను చెప్పబోయేది ముందే విన్నట్టు మొహం పెడతాడు.

వాన తగ్గలేదు. పడవ వస్తుందో రాదో.

అక్క

*

టగ్గు మీద నుంచి,
బొగ్గు దించే రేవు

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం రేవు ఆఫీసులో వారం నానింది. నిజంగానే నానింది, పైకప్పు కారుతోంది. "దేవుడు" దగ్గర సిరా చెదిరిపోయింది. మిగతాది చదవగలిగాను.

భుజం సంగతి ఎందుకు రాయలేదంటే, రాస్తే నువ్వు నూనె పంపుతావు. పోయినసారి పంపిన సీసా పగిలి నా చొక్కాలన్నీ ఇంకా వాసనే.

సెలవు దొరకదక్కా. మనుషులు తక్కువ. నా పని సంగతి నీకు ఎప్పుడూ సరిగా చెప్పలేదు. ఓడల్ని మోకు కట్టి లాగే ఈ టగ్గు మీద అందరూ ముందుకు చూస్తారు, నేనొక్కణ్ణే వెనక్కి చూస్తాను. లాగే ఓడ సరిగా వస్తోందా, మోకు బిగిసిందా, వదులుందా, అది చూడటమే నా కొలువు. ఎక్కడికి వెళ్తున్నామో చేరాకే తెలుస్తుంది నాకు. వంటవాడు "పెళ్ళికూతుర్ని అత్తారింటికి పంపే మొహం నీది" అంటాడు.

కెప్టెన్ మనవాడు కాదు. మాతో ఇంగ్లీషులో మాట్లాడతాడు, అదీ "పుల్" అనే ఒకే మాటతో. మోకు లాగడం పుల్లే. రేవులోకి చేరడం పుల్లే. వంటవాడి కొడుక్కి జ్వరం తగ్గిందంటే, ఆ గండం గట్టెక్కడమూ పుల్లేనట. ఆఫీసులో పెద్దవాళ్ళ దగ్గర పలుకుబడి ఉన్నవాడికి పుల్ ఉందంటాడు. నాకు ఏ పుల్లూ లేదు, భుజానికి తప్ప.

తర్వాతి పని ఏదో పాత ఓడట. పాత ఓడల్ని ముక్కలుగా విరిచే తీరానికి లాగాలట. ఏ ఓడో మాకింకా చెప్పలేదు.

బావను తొందరపెట్టకు. ఉండనీ కొన్నాళ్ళు.

తమ్ముడు

*

ఇంటి నుంచి,
ఆదివారం, ప్రార్థన అయ్యాక

తమ్ముడికి,

దేవుడి దయ.

నీ కెప్టెన్ మాట చదివి కాసేపు నవ్వుకున్నాను. మన మాట మాత్రం తక్కువా. కాళ్ళు లాగుతున్నాయంటాం. చీకటి పడితే ఇంటి మీదికి మనసు లాగుతోందంటాం. మీ బావ ఆకలి మీద ఉంటే క్యారేజీ మొత్తం లాగించేస్తాడు. ఎలా ఉన్నావని ఎవరన్నా అడిగితే, ఏదో లాక్కొస్తున్నాను అంటాను. పొద్దున్న లేచినప్పటి నుంచి నేను చేసేవన్నీ ఆ మాట కిందికే వస్తాయి. కొట్టులో దారం లాగడంతో సహా.

ఏ ఓడో మీకింకా చెప్పలేదన్నావు. మాకు చెప్పారు.

గురువారం కొట్టుకు ఆర్డరు వచ్చింది. సముద్రం మీద లాగబోయే ఓడకు కిటికీలూ, గాలి గొట్టాలూ మూసే టార్పాలిన్ కవర్లు కుట్టాలి. నీళ్ళు లోపలికి రాకుండా. యజమాని కొలతలు నా ముందు పెట్టాడు. ఓడ పేరు లేదు. గుండ్రటి కిటికీల వరస, మధ్యలో ఒక్కటే చదరపు కిటికీ. టికెట్లు ఇచ్చే కిటికీ అది. పెళ్ళైన కొత్తలో ఆయన డ్యూటీ దిగేదాకా దాని పక్కన నిలబడేదాన్ని.

"ఏమ్మా, కొలత తప్పుందా? అలా చూస్తున్నావు" అన్నాడు యజమాని.

"లేదండీ, సరిగ్గానే ఉంది" అన్నాను.

కుడుతున్నాను. కొట్టులో ఇంకెవరికి ఇచ్చినా అంచులు ఒంటి కుట్టు వేసి వదిలేస్తారు.

నీకు తెలిసే రాయలేదని నాకు తెలుసు. కోపం లేదు. నేనూ ఆయనకు చెప్పలేదు. మధ్యాహ్నం క్యారేజీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని, దారానికి రాసే మైనం వేళ్ళకు అంటి ఉంటే చీర చెంగుతో తుడుచుకుని వస్తున్నాను. మనిద్దరం ఒక తల్లి పిల్లలం, వేరే రుజువు అక్కర్లేదు.

ఎప్పుడు వస్తోంది మీ టగ్గు? ఈసారి నిజం రాయి.

అక్క

*

టగ్గు మీద నుంచి,
అదే రేవు

అక్కకు,

ఉత్తరం చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, మళ్ళీ తీసి చదివాను. తిట్టి ఉంటే బాగుండేది.

అవును, మన ఫెర్రీయే. ఆ ఉత్తరం రాసేనాటికే తెలుసు. పోటు చూసుకుని ఈ నెలాఖరుకు వస్తాం.

సంగతి దాచకుండా రాస్తున్నాను. ఫెర్రీ మీద మనిషి ఉన్నాడని కంపెనీ వాళ్ళకు తెలుసు. "టగ్గు వచ్చిన రోజు నలుగుర్ని పెట్టి ఈడ్చేస్తాం, మీకెందుకు" అన్నారు. కెప్టెన్‌కు నచ్చలేదు. ఏడ్చే మనిషిని దించి ఆ ఓడ లాగితే దారిలో మోకు తెగుతుందట. ఆయన నమ్మకాలు ఆయనవి.

అందుకని నేనొక మాట అడిగాను. లాగే ఓడ మీద ముగ్గురు మనుషులు ఉండాలి, దీపాలు వెలిగించడానికి, అడుగున నీళ్ళు వస్తే తోడటానికి. ఆ ముగ్గురిలో బావను ఒకడిగా పెట్టమన్నాను. కెప్టెన్ "షాఫ్టు బిగించగలడా" అన్నాడు.

అదేమిటంటే అక్కా, ఆగిన ఓడను లాగుతుంటే కింద నీళ్ళు పంఖాను తిప్పేస్తాయి. దానితో షాఫ్టు తిరుగుతుంది. నూనె లేకుండా తిరిగితే కాలిపోయి, అది బయటికి వచ్చే చోట నీళ్ళు లోపలికి వస్తాయి. కాబట్టి ముందే షాఫ్టును కదలకుండా బిగించేయాలి. బావ రోజూ పట్టేయకూడదని తిప్పుతున్న షాఫ్టే. దాన్ని బావే బిగించాలి.

ఈ మాట నేను ఆయనతో అనలేను. నువ్వు అనగలవు.

ఇంకొకటి. అది ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు తిరగడానికి కట్టిన ఫెర్రీ, సముద్రానికి కాదు. అలలు లేస్తే ఏమవుతుందో నేను చెప్పలేను. నువ్వు వద్దంటే బావ పేరు తీసేయిస్తాను. అప్పుడు ఆ నలుగురూ వస్తారు.

నీ చేతికి ఇది ఇస్తున్నందుకు ఏమీ అనుకోకు. నిన్ను కాక ఎవర్ని అడుగుతాను, చిన్నప్పటి నుంచీ అంతే కదా.

తమ్ముడు

*

ఇంటి నుంచి,
కవర్లు పూర్తయిన రోజు

తమ్ముడికి,

మూడు పూటలు ప్రార్థన చేశాను. దేవుడు ఏమీ చెప్పలేదు. చెప్పకపోతే నువ్వే చెయ్యి అని అర్థం, నా లెక్కలో.

ఇవాళ మధ్యాహ్నం వెళ్ళాను. పడవవాడు దారిలో "ఏమ్మా, ఎన్నాళ్ళిలా, ఒక్క పూట మానేసి చూడండి, ఆకలేస్తే ఆయనే ఈదుకుంటూ వస్తాడు" అన్నాడు. మంచివాడే.

ఆయన తినేదాకా ఆగాను. టగ్గు వస్తోందని చెప్పాను. అది నీ టగ్గని చెప్పాను.

గ్లాసు కింద పెట్టి, "కవర్లు అయిపోయాయా?" అన్నాడు.

చేతులు చీర చెంగు కింద దాచుకున్నాను.

"నెల నుంచి నీ వేళ్ళకి నల్ల మైనం. చిన్న చిన్న పనులకి తెల్ల మైనం వాడతారు మీరు. ఇంత పెద్ద పని ఈ రేవులో ఇంకేముందే."

"ముందే అడగొచ్చు కదండీ."

"నువ్వు చెప్పొచ్చు కదా."

గిన్నెలు కడిగి ఇచ్చాడు. తర్వాత ఆయనే, "గాలి గొట్టాల దగ్గర రెండు పొరలు వెయ్యి. అక్కడ అంచులు ఉప్పు తినేసి కత్తుల్లా ఉన్నాయి, కోసేస్తాయి" అన్నాడు.

"వేశాను" అన్నాను.

షాఫ్టు సంగతి చెప్పాను. నువ్వు రాసిన మాటలే చెప్పాను, నా మాటలు కలపలేదు. వింటూ గోడ మీద చెయ్యి ఆనించి ఉంచాడు. కింద పసిపిల్లాడు పడుకున్నట్టు, లేస్తాడేమో అన్నట్టు.

"నేనే బిగిస్తాను. వేరేవాడెవడూ చెయ్యి వెయ్యకూడదు" అన్నాడు.

తీసుకెళ్ళు. అలలు లేస్తే ఏమవుతుందో చెప్పలేనన్నావు. ఇక్కడ నలుగురు వచ్చి ఈడిస్తే ఏమవుతుందో నేను చెప్పగలను. తీసుకెళ్ళు, తిరిగి ఇంటికి తీసుకురా. నిన్ను నేను ఏదీ అడిగిందాన్ని కాదు. ఇది అడుగుతున్నాను.

అలసటగా ఉంది. ఇంకో రోజు రాస్తాను.

అక్క

*

విరిచే తీరం,
టగ్గు మీద నుంచి

అక్కకు,

చేరాం. అందరం బాగున్నాం. ఆ ముక్క ముందు రాస్తున్నాను, నువ్వు మిగతాది కూర్చుని చదవడానికి.

నువ్వు ఒడ్డున నిలబడి ఉండటం చూశాను. చెయ్యి ఊపలేదు, మోకు మీద చూపు తిప్పకూడదు.

మోకు ఏ వైపు కట్టాలని కెప్టెన్ అడిగితే బావ "ఏ వైపైనా ఒకటే, దీనికి వెనక లేదు" అన్నాడు. నిజమే కదా. రెండు కొసలూ ముందు భాగాలే. ఇన్నేళ్ళూ తిరగకుండానే వెళ్ళేది, తిరగకుండానే వచ్చేది.

షాఫ్టు బిగించేటప్పుడు నేను దగ్గరే ఉన్నాను. ఇనప పట్టీ వేసి, గొలుసు చుట్టి, మేకు దిగేసి, చివర సుత్తి నా చేతికి ఇచ్చాడు. ఆఖరి దెబ్బ నన్ను వెయ్యమన్నాడేమో అనుకున్నాను. కాదు, చెమట తుడుచుకోవడానికట. మళ్ళీ తీసుకుని తనే వేశాడు.

ఇప్పుడు నీకు రాయాలా వద్దా అనుకున్నది రాస్తాను. సముద్రంలోకి వచ్చిన మర్నాడు పొద్దున్నే రేడియోలో బావ గొంతు. నేనెప్పుడూ వినని గొంతు.

"ఒరేయ్, పట్టేసింది రా. షాఫ్టు పట్టేసింది. ఎంత లాగినా గడ్డపార కదలట్లేదు. నడుం పట్టుకుపోయింది. అయిపోయింది రా, పట్టేసింది."

లేచి, మొహం కడుక్కుని, అలవాటుగా కిందికి దిగి, తను బిగించిన షాఫ్టునే తిప్పబోయాడు.

"బావా, నువ్వే బిగించావు కదా" అన్నాను.

రేడియో గరగరలాడింది. వంటవాడు చేతిలో గరిట పట్టుకుని నా పక్కనే నిలబడిపోయాడు. ఎవడూ నవ్వలేదు.

"అవును" అన్నాడు బావ. "అవును కదూ."

ఆ సాయంత్రం అలలు లేచాయి. కెప్టెన్ మోకు ఇంకా వదలమన్నాడు. అలల్లో దగ్గరికి లాక్కుంటే తెగుతుంది, దూరం వదిలితేనే నిలుస్తుంది. వదిలాం. ఫెర్రీ చిన్న చుక్కంత అయిపోయింది. ఒక్కోసారి కనపడేది కాదు. దీపం కనపడినప్పుడల్లా బావే వెలిగించాడనుకునేవాణ్ణి. నీ కవర్లు ఒక్కటీ ఊడలేదు.

ఇక్కడ తీరం నుంచి విరిచేవాళ్ళ యంత్రం తీగ పట్టుకుని ఫెర్రీని ఇసుక మీదికి లాక్కుంది. ముగ్గురూ దిగాలి. ఇద్దరు దిగారు. ఇదే భయం నాకు మొదటి నుంచీ.

అంతలో గ్యాసు మంటతో ఇనుము కోసే కుర్రాళ్ళు పైకెక్కారు. బావ వాళ్ళకు అడ్డం నిలబడ్డాడు. "ఎక్కడ మొదలెడతారు రా?" అన్నాడు. ఒకడు ఎక్కడో చూపించాడు. "అక్కడ మంట పెట్టావంటే నీకు పెళ్ళి కాదు. ఆ గోడ వెనక నూనె ట్యాంకు, అడుగున ఇంకా ఆవిరి ఉంది" అన్నాడు. వాళ్ళను వెంటబెట్టుకుని ఫెర్రీ అంతా తిప్పాడు. ఏది ముందు, ఏది తర్వాత, ఎక్కడ మూతలు తీసి గాలి ఆడనివ్వాలి, అన్నీ. ఆ తర్వాత తనంతట తనే దిగాడు.

ఇక్కడిదాకా మంచి వార్త.

తీరం మేస్త్రీ ఇది చూసి పని ఇస్తానన్నాడు. వచ్చే ప్రతి ఓడా కోసే ముందు ఎక్కి, ఎక్కడ ప్రమాదమో చూసి చెప్పే పని. బావ ఒప్పుకున్నాడు. ఇంటికి రానంటున్నాడు అక్కా. ఇక్కడే రేకుల షెడ్డులో మంచం ఇచ్చారు.

తీసుకురమ్మన్నావు. చెప్పి చూశాను. నువ్వు ఒక్క మాట రాస్తే, చెయ్యి పట్టుకుని బస్సెక్కిస్తాను. వారం రోజులు ఇక్కడే ఉంటాం.

తమ్ముడు

*

ఇంటి నుంచి

తమ్ముడికి,

ఉత్తరం రెండుసార్లు చదివాను.

నీ కెప్టెన్ అలల్లో మోకు వదలమన్నాడని రాశావు. నేను నీ పెద్దక్కను. నాకు వదలడం ఎవరూ నేర్పలేదు. అమ్మ పోయినప్పుడు మీ అందరినీ లాక్కొచ్చాను. తర్వాత ఈ ఇల్లు. తర్వాత రోజూ ఆ పడవ, ఆ నిచ్చెన.

ఈసారి నేను లాగను.

చెయ్యి పట్టుకుని బస్సెక్కించకు. అక్క రమ్మంది అనీ చెప్పకు, వద్దంది అనీ చెప్పకు. రోజూ తిప్పే పని పోయి, రోజూ చూసే పని దొరికింది. దేవుడు ఆయనకు ఇచ్చింది నేనెందుకు లాక్కోవాలి.

అడిగింది తిరిగి తీసుకుంటున్నాను. నీ మీద భారం లేదు.

ఇవాళ మధ్యాహ్నం కొట్టుకు సెలవు పెట్టి పడుకున్నాను. ఫెర్రీ లేకపోయినా పడవవాడు అలవాటుగా వచ్చి పిలిచాడట. నాకు వినపడలేదు.

అక్క

*

టగ్గు మీద నుంచి,
బయల్దేరే ముందు

అక్కకు,

నీ ఉత్తరం వచ్చిందని బావకు తెలిసింది. మేం ఒడ్డున టీ తాగుతున్నాం.

"ఏమంది మీ అక్క?" అన్నాడు.

"ఏమీ అనలేదు."

"రమ్మనలేదా?"

"లేదు."

ఇంకో టీ చెప్పాడు. మళ్ళీ, "అసలు రమ్మనే లేదా?" అన్నాడు. నువ్వు చెప్పినట్టే నేను నోరు మెదపలేదు. చాలా కష్టమైంది.

ఈ పొద్దున వీడ్కోలు చెప్దామని షెడ్డుకు వెళ్తే మంచం మీద దుప్పటి మడిచి ఉంది. మనిషి లేడు. మేస్త్రీని అడిగితే, "ఆ ముసలాయనా? సోమవారం వస్తానని చెప్పి పోయాడు. ఎక్కడికని అడిగితే నా మీదే విసుక్కున్నాడు" అన్నాడు.

ఎక్కడికో నాకూ చెప్పలేదు. నేను వెనక్కి చూసేవాణ్ణే కదా, నాకెలా తెలుస్తుంది.

తమ్ముడు

*

ఇంటి నుంచి,
మంగళవారం

తమ్ముడికి,

దేవుడి దయ. నీ ఉత్తరం కంటే ముందే ఆయన వచ్చాడు.

శనివారం సాయంత్రం గుమ్మంలో నిలబడ్డాడు. చెప్పులు బయట విడవాలో లోపల విడవాలో తెలియనట్టు చూశాడు. "రండి" అన్నాను. మనసు కుదుటపడి ఇల్లంతా వెలుగొస్తుందనుకున్నాను. అదేమీ కాలేదు. మోకాళ్ళ నొప్పి అలాగే ఉంది. రెండు కంచాలు పెట్టాను.

ఎందుకు వచ్చారని అడగలేదు. ఎప్పుడు వెళ్తారని అడగలేదు. తినడం అయ్యాక ఆయనే గొంతు సవరించుకున్నాడు.

"అక్కడ కోసే కుర్రాళ్ళు ఉన్నారు చూడు, మామూలు చొక్కాలేసుకుని మంట దగ్గర కూర్చుంటారు. నిప్పురవ్వలు పడి ఒళ్ళంతా చిల్లులు. మీ కొట్టులో మందం గుడ్డ ఉంటుంది కదా, నిప్పు అంటుకోనిది. మెడ నుంచి మోకాళ్ళ దాకా వచ్చేట్టు కుట్టగలవా?"

"కుట్టగలను. కొలతలు తెచ్చారా?"

"కొలతా?" అన్నాడు. అది ఆలోచించలేదు. అటూ ఇటూ చూసి, "వాళ్ళూ నా అంతే ఉంటారులే. నాకే కొలత తియ్యి" అన్నాడు.

పెళ్ళైనప్పటి నుంచీ ఆయన పని ఆయనది, నా పని నాది. పని గురించి మేం మాట్లాడుకున్నది చాలా తక్కువ. ఆ రాత్రి పొద్దుపోయేదాకా అదే మాట్లాడాం. పట్టీ ఎక్కడ ఉండాలి, ముడి వెనక వేస్తే ఒక్కడే విప్పుకోగలడా, అంచు మడిస్తే రవ్వలు అందులో నిలుస్తాయా. దెబ్బలాడుకున్నాం కూడా. ముడి పక్కకే రావాలన్నాడు, నేను ఒప్పుకోలేదు, తర్వాత ఒప్పుకున్నాను.

సోమవారం పొద్దున్నే వెళ్ళాడు. పని ఉన్నన్నాళ్ళు అక్కడే ఉంటాడు, వీలున్నప్పుడు వస్తాడు. ఎప్పుడని నేను అడగలేదని మళ్ళీ రాయనక్కర్లేదు అనుకుంటాను.

ఆదివారం ప్రార్థన అయ్యాక గది మధ్యలో నిలబెట్టి కొలత తీశాను. చేతులు ఎత్తమంటే ఎత్తాడు. ఛాతీ చుట్టూ టేపు వేసి చూస్తే, ఇంత సన్నబడ్డాడని నాకు అప్పటిదాకా తెలియలేదు. రోజూ ఎదురుగా కూర్చుని అన్నం పెట్టాను, అయినా తెలియలేదు.

"ఎంత?" అన్నాడు.

చెప్పలేదు. రెండు వేళ్ళు ఎక్కువ పెట్టి కత్తిరించాను.

అక్క